శివారు పల్లెకు నోరుండాలి

తెలుగులో ‘ఊరు’ అనే మాటకు ఎల్లలు తక్కువ. పది గడపల పల్లెనూ ఊరంటాం, లక్షల జనం ఉన్న ఏలూరునూ ఊరనే అంటాం. శనివారపుపేట రైతు ‘ఊళ్ళోకి వెళ్ళి వస్తాను’ అంటే ఏలూరు బజారుకు వెళుతున్నాడని అర్థం. ఏలూరు బజారులో వర్తకుడు ‘ఊరు వెళుతున్నాను’ అంటే తాను పుట్టిన పల్లెకు వెళుతున్నాడని అర్థం. ఒకరి ఊరు ఒకరికి బజారు, ఒకరి బజారు ఒకరికి ఊరు. ఇన్నాళ్ళూ ఈ రెండింటి నడుమ నాలుగు పొలాలూ, ఒక చెరువు గట్టూ, ఒక పుంతా అడ్డుండేవి. ఇప్పుడు ఆ అడ్డు తొలగిపోయింది. తొలగిపోయినందువల్ల ఎవరికి ఏమి వచ్చింది, ఎవరికి ఏమి పోయింది అన్న విచారణ మాత్రం సరిగా జరగలేదు. ఆ విచారణ కొంతైనా చేద్దామని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

మన గోదావరి ప్రాంతంలో ‘శివారు’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం ఉన్నది. ఒక పెద్ద గ్రామాన్ని అంటిపెట్టుకొని ఉండే చిన్న గూడేన్ని ఆ గ్రామానికి శివారు అంటారు. శివారు ఎప్పటికీ శివారుగానే ఉండిపోతుందని అనుకోనక్కరలేదు. తాడేపల్లిగూడెం పేరునే చూడండి. పేరును బట్టి అది తాడేపల్లికి గూడెం. ఈనాడు ఆ గూడెం పెద్ద పట్టణం. 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడా అక్కడికే వచ్చింది. పెదతాడేపల్లి మాత్రం ఆ పట్టణం పక్కన గ్రామంగా నిలిచి ఉన్నది. కాలం ఇట్లా తారుమారు చేయడం క్రొత్త కాదు. కనుక పల్లె పట్టణం కావడం అన్యాయమని నేను అనడం లేదు. అయ్యే తీరులో ఉన్న అన్యాయాన్ని గురించే నా మాట.

ఏలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. 2005లో అది నగరపాలక సంస్థ అయింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు తన పేరిట ఏర్పడిన జిల్లాకు కేంద్రమైంది. ఈ మధ్యలోనే, 2021 నాటి నగరపాలక ఎన్నికలకు ముందుగా, చుట్టూ ఉన్న ఏడు గ్రామ పంచాయతీలను నగరంలో కలిపారు. సత్రంపాడు, శనివారపుపేట, చోడిమెళ్ళ, వెంకటాపురం, తంగెళ్ళమూడి, కొమడవోలు, పోణంగి... ఇవీ ఆ ఏడు. ఆ ఎన్నికలు కూడా సాఫీగా సాగలేదు. మార్చి 10న పోలింగు జరిగింది. వ్యవహారం న్యాయస్థానంలో ఉన్నందున ఓట్ల లెక్కింపు జూలై 25 దాకా ఆగింది. ఓటు వేసిన నాలుగున్నర నెలలకు గాని తమ ప్రతినిధి ఎవరో ఆ ఊళ్ళవారికి తెలియలేదు. సర్పంచి లేడు, కార్పొరేటరు రాలేదు. శివారు పల్లె స్థితికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

తెలుగు పండితుణ్ణి గనుక పేర్ల దగ్గర కొంచెం ఆగుతాను, మన్నించండి. సత్రంపాడు అన్న పేరులో బాటసారుల సత్రం ఉన్నది. తంగెళ్ళమూడి అన్నప్పుడు పచ్చని తంగేడు పూలు గుర్తుకు రాకుండా ఉండవు. శనివారపుపేటలో వారమే ఊరి పేరైంది. కొమడవోలు చివర ఉన్న ‘వోలు’ ఇంకా ఆసక్తికరమైనది. నిడదవోలు మొదలైన పేర్లలో కనిపించే ఈ ‘వోలు’ పాత తెలుగు ‘ప్రోలు’కు రూపాంతరం. ప్రోలు అంటే పురమే, పట్టణమే! పేరులో పురాన్ని పెట్టుకొన్న ఊరు కొన్ని వందల ఏళ్ళు పల్లెగా బ్రతికి, ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో మళ్ళీ పురంలో చేరింది. చేరగానే దానికొక డివిజను అంకె వచ్చింది. నగరానికి మొత్తం 50 డివిజన్లు. మా వీధిలో ఒక పిల్లవాడు ‘మా గ్రామము’ అన్న వ్యాసం వ్రాయవలసి వచ్చి, ‘మాస్టారూ, మాది గ్రామమా, డివిజనా?’ అని అడిగాడు. పిల్లవాడి ప్రశ్న అని నవ్వి ఊరుకోవచ్చు. కాని అది పిల్లవాడి ప్రశ్న మాత్రమే కాదు.

విలీనాన్ని సమర్థించేవారి వాదం ముందు చెప్పుకొందాం. వారి మాటలలో బలం లేకపోలేదు. ఇళ్ళు ఏనాడో కలిసిపోయినవి. వీధికి ఇటువైపు నగరం, అటువైపు పంచాయతీ. ఇటు కుళాయి వస్తుంది, అటు రాదు. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లలో నాలుగంతస్తుల అపార్టుమెంట్లు లేచినవి. ఆ అపార్టుమెంట్ల చెత్తనూ మురుగునూ మోయగల శక్తి, ఒక కార్యదర్శి, నలుగురు పారిశుద్ధ్య పనివారు ఉన్న పంచాయతీకి లేదు. క్రొత్త కాలనీలలో చేరినవారికి సర్పంచితో పరిచయమూ లేదు, గ్రామసభ అంటే ఏమిటో తెలియదు. వారు నగరంలో కలవాలనే కోరుకొన్నారు. ఇదంతా నిజం.

మరొక నిజం కూడా ఒప్పుకోవాలి. పంచాయతీ రోజులన్నీ స్వర్ణయుగం కాదు. రచ్చబండ మీద అందరికీ చోటుండేది కాదు. ఊరి చెరువు గట్టున నిలబడి మాట్లాడే హక్కు పేటలోని వారికి మొన్నమొన్నటి దాకా రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, దళితులకూ గిరిజనులకూ జనాభాను బట్టి, స్త్రీలకు కనీసం మూడవ వంతు స్థానాలు కేటాయించిన తరువాతనే పంచాయతీ గదిలో క్రొత్త గొంతులు వినిపించాయి. కొంగు భుజాన కప్పుకొని, కుర్చీ అంచున కూర్చొని, తీర్మానం చదివించి వినే స్త్రీలను చూశాను. తరువాత తరువాత వాళ్ళే తీర్మానాన్ని ప్రశ్నించడం కూడా చూశాను. ఆ గొంతులు కొంచెం గట్టిపడే వేళకు పంచాయతీయే పోయింది. నాకు కలిగే బాధ అది.

ఇక పోయినదేమిటో చూద్దాం.

మొదటిది, గ్రామసభ. రాజ్యాంగం ప్రకారం గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభలో సభ్యుడే. ఎవరో ఎన్నుకోనక్కరలేదు, ఎవరి సిఫారసూ అక్కరలేదు. ఊరి లెక్కలు చదవమని అడిగే హక్కు కూలివానికీ ఆసామికీ సమానం. ఆ సభలు పేరుకే జరిగేవి, సంతకాలు ఇంటింటికీ తిరిగి చేయించేవారు అని మీరు అనవచ్చు. చాలచోట్ల అదే జరిగింది. అయినా హక్కు ఉండి వాడుకోకపోవడం వేరు, హక్కే లేకపోవడం వేరు. నగరంలో ఆ సభకు సమానమైనది ఏమున్నది? 74వ సవరణ వార్డు కమిటీలను చెప్పింది. కాని ఆ నిర్బంధం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కలలో ఏలూరు ఆ మూడు లక్షలకు చేరలేదు. అంటే రాజ్యాంగం గ్రామానికి ఇచ్చిన సభ పోయింది, మహానగరానికి ఇచ్చిన కమిటీ రాలేదు. నడుమ ఉన్న ఊరికి రెండూ లేవు.

రెండవది, పని. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తించేది. పల్లె డివిజను కాగానే కూలివాని చేతిలోని ఏడాదికి నూరు రోజుల పని హక్కు కాగితం చెల్లకుండా పోయింది. ఆ మనిషి మాత్రం మారలేదు. నిన్న ఏ పొలానికి కలుపుకు వెళ్ళాడో నేడూ అక్కడికే వెళుతున్నాడు. ఆయన గ్రామీణుడు కాడని కాగితం చెప్పింది, అంతే.

మూడవది, పన్ను. మన రాష్ట్రంలో 2021 నుండి పట్టణాలలో ఇంటి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా లెక్కించే పద్ధతి వచ్చింది. నగరం నడిబొడ్డున వ్యాపారం చేసుకొనేవానికి స్థలం విలువ పెరిగితే ఆదాయమూ పెరుగుతుంది. శివారు పల్లెలో అట్లా కాదు. తాతల నాటి పెంకుటిల్లు, వెనుక దొడ్డి, దొడ్డిలో రెండు గేదెలు ఉన్న ముసలి దంపతులను ఊహించండి. పక్కన లేఅవుటు పడ్డందున వారి దొడ్డి గజం ధర పెరిగింది. గేదెలు ఇచ్చే పాలు పెరగలేదు. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా ఇంత శాతానికి మించి పెంచరాదని హద్దు పెట్టిన మాట నిజమే. అయినా విలువ అమ్మినప్పుడే చేతికి వస్తుంది, పన్ను అమ్మకపోయినా కట్టాలి. కొంతకాలానికి వారికి అమ్ముకోవడమే దారి అవుతుంది. దీనినే మనం ‘రియల్ ఎస్టేటు పుంజుకొన్నది’ అని పత్రికలలో చదువుకొంటాం.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఊరి ఉమ్మడి ఆస్తి. చెరువు, చెరువు గట్టు, పొలాలకు వెళ్ళే పుంత, పశువులు నిలిచే బయలు, బందెలదొడ్డి, శ్మశానం, నీరు పారే బోదె... ఇవి ఎవరివీ కావు గనుక అందరివీ. పంచాయతీ ఉన్నప్పుడు చెరువులో చేపల పాట డబ్బు ఎంత వచ్చిందో, దానితో ఏ వీధికి దీపం వేశారో ఊళ్ళో ఎవరినడిగినా చెప్పేవారు. ఇప్పుడా ఆదాయం నగరం పెద్ద ఖజానాలో కలుస్తుంది. అది తప్పు కాదు. కాని ఆ చెరువు ఎవరిదన్న ఎరుక కూడా దానితోపాటే కలిసిపోతున్నది. ఎరుక పోయిన చెరువులో మొదట ఇళ్ళు పడగొట్టిన మట్టి పోస్తారు. తరువాత చెత్త పోస్తారు. తరువాత అది ‘ఖాళీ స్థలం’ అవుతుంది. ఆ తరువాతి కథ మీకు తెలుసు.

చెరువును గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే మన ప్రాంతపు నేల స్వభావం అటువంటిది. ఏలూరు కృష్ణా గోదావరుల నడుమ పల్లంలో ఉన్నది. ఉత్తరాన మెరక, దక్షిణాన కొల్లేరు. మెరకలో పుట్టిన తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరికి ఇరుప్రక్కలా పారి కొల్లేటికి చేరుతుంది. బుడమేరు, రామిలేరు కూడా ఆ సరస్సులోకే వస్తాయి. వచ్చిన నీరంతా ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. అంటే వాన కురిసిన చోటికీ కొల్లేటికీ నడుమ ఉన్న ప్రతి చెరువూ, ప్రతి బోదే, ప్రతి మురుగు కాలువా ఒక పెద్ద యంత్రంలో చిన్న చిన్న భాగాలు. చెరువు కొంత నీటిని కొన్నాళ్ళు పట్టి ఉంచుతుంది. బోదె మిగిలిన దానిని తిన్నగా పంపుతుంది. ఇవి ఉన్నవి ఎక్కువగా నగరపు శివారు గ్రామాలలోనే. వాటిని పూడ్చి ప్లాట్లు వేస్తే నీరు ఎక్కడికి పోతుంది? ఇళ్ళలోకి పోతుంది. 2020 అక్టోబరు వానలకు తమ్మిలేరు పొంగినప్పుడు ఏలూరు అంచు కాలనీలవారు ఆ సంగతి చూశారు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దేశమంతా చూసింది. అజిత్ సింగ్ నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. బుడమేరు దారి తప్పి రాలేదు, తన పాత దారిలోనే వచ్చింది. ఆ దారిలో మనం ఇళ్ళు కట్టుకొన్నాం.

దిగువన కొల్లేరు స్థితి వేరే చెప్పాలా? 1999లో అయిదవ కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్సార్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఆటపాక దగ్గర గూడబాతులను చూడడానికి దూరప్రాంతాల నుండి యాత్రికులు వస్తారు. ఈ కాపుదలంతా సరస్సు దగ్గర. సరస్సులోకి వచ్చే నీటిలో నగరపు మురుగు ఎంత కలుస్తున్నదో, ఆ మురుగును వడగట్టగల చెరువులు ఎన్ని మిగిలాయో చూడవలసిన చోటు మాత్రం ఎగువన, మన శివారు ఊళ్ళలో ఉన్నది. అక్కడ ఇప్పుడు అడిగే సభ లేదు.

నగరవాసులు ఇది పల్లెటూరివారి గోడు అనుకొంటే పొరపాటు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. దేశంలోని పెద్ద పెద్ద పరిశోధన సంస్థలు వచ్చి నీరు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షించాయి. రక్త నమూనాలలో సీసం, నికెల్ కనిపించాయి. చివరకు పురుగుమందుల అవశేషాలవైపే నిపుణులు ఎక్కువగా వేలు చూపారు. పొలానికీ పట్టణానికీ నడుమ గోడ లేదని ఆ పది రోజులు చెప్పాయి. పల్లెలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం నగరానికి అవసరం. తెలియాలంటే పల్లెకు నోరుండాలి.

ఇవేవీ ఎవరూ ముందుగా ఊహించని చిక్కులు కావు. 74వ సవరణ వ్రాసినవారు మహానగరాన్నీ, చిన్న పట్టణాన్నీ చెప్పడంతో ఆగలేదు. పల్లె నుండి పట్టణంగా మారుతున్న ప్రాంతాన్ని వేరుగా గుర్తించి, దానికి నగర పంచాయతీ ఉండాలన్నారు. అంటే నడుమ ఒక మెట్టు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. పెద్ద నగరం పక్కన ఉన్న ఊరికి మాత్రం మనం ఆ మెట్టు తీసివేసి, పల్లె నుండి నేరుగా నగరంలోకి దూకమంటున్నాం. 2007లో 12 పురపాలక సంఘాలనూ 8 గ్రామ పంచాయతీలనూ ఒక్కటిగా చుట్టి మహా హైదరాబాదును చేసిన నాటి నుండి ఇదే మన అలవాటు. ఏలూరు హైదరాబాదు కాదు. ఆ అలవాటు ఇక్కడికి యథాతథంగా తేవలసిన పని లేదు.

చెరువుల విషయంలోనూ అంతే. 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం పంజాబులోని ఒక గ్రామపు చెరువు ఆక్రమణను కొట్టివేసింది. గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు సిద్ధం చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన రాష్ట్రానికి 2002 నుండి నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ‘వాల్టా’ చట్టం ఉన్నది. కావలసిన చట్టాలు ఉన్నవి. వాటిని పట్టుకొని అడిగే మనుషులకు ఒక వేదిక లేదు.

కనుక నా విన్నపం ఇది. ఏడు ఊళ్ళను మళ్ళీ పంచాయతీలు చేయమని నేను కోరడం లేదు. అది జరగదు, జరిగినా మేలు కాదు. నాలుగు పనులు మాత్రం చేయవచ్చు.

ఒకటి. విలీనమైన ప్రతి ఊరికీ ఏడాదికి రెండుసార్లు ఊరి సభ జరగాలి. పాత గ్రామసభ లాగానే ఓటరు ప్రతి ఒక్కరూ సభ్యులు. ఆ ఊరి నుండి వసూలైన పన్ను ఎంత, ఆ ఊరిలో ఖర్చుపెట్టినది ఎంత అన్న లెక్క చదవాలి. రాజ్యాంగం నిర్బంధించకపోయినంత మాత్రాన చేయరాదని లేదు.

రెండు. ప్రతి ఊరి చెరువులు, పుంతలు, బోదెలు, శ్మశానాల జాబితా సర్వే నంబర్లతో సహా పెద్ద బోర్డు మీద వ్రాసి ఊరి నడుమ పెట్టాలి. ఆ జాబితాలోని దేని వాడుక మార్చాలన్నా ముందు ఊరి సభకు చెప్పాలి. బోర్డు మీద ఉన్నదానిని రాత్రికి రాత్రి మాయం చేయడం కొంచెం కష్టం.

మూడు. నగరపు పన్ను నగరపు సౌకర్యం వెంట రావాలి. కుళాయి, మురుగు కాలువ వచ్చిన వీధికి ఒక లెక్క, రాని వీధికి ఒక లెక్క ఉండాలి. పశువుల దొడ్డిని వ్యాపార స్థలంతో సమానంగా చూడరాదు.

నాలుగు. పేర్లు ఉండనివ్వాలి. డివిజనుకు అంకె వేసుకొండి, దాని పక్కనే ఊరి పేరు వ్రాయండి. పేరు నిలిస్తే ఆ పేరు గల చెరువు కోసం అడిగేవాడు ఉంటాడు.

ఇప్పటికీ పంచాయతీలుగానే ఉండి, ఏదో ఒకనాడు పట్టణంలో కలవక తప్పని గ్రామాలు ఏలూరు చుట్టూ ఇంకా ఉన్నవి. తాడేపల్లిగూడెం చుట్టూనూ ఉన్నవి. ఆ ఊళ్ళవారికి ఒక్క మాట. సభ మీ చేతిలో ఉన్నది ఈనాడే. వచ్చే గ్రామసభకు వెళ్ళండి. ఊరి చెరువుల, పుంతల, బోదెల జాబితా తయారుచేసి తీర్మానం చేయించి, నకలు ఒకటి మీ ఇంట దాచుకోండి. విలీనపు ఉత్తర్వు వచ్చిన తరువాత ఆ కాగితం కోసం వెతికితే దొరకదు. ఈ జాబితా తయారీకి చదువుకొన్న పిల్లలు ఇద్దరుంటే చాలు. పల్లెలో హైస్కూలు ఉంటే ఉపాధ్యాయులు కూడా సాయపడగలరు. తెలుగు మాస్టారు అయితే ఆ పేర్ల అర్థాలు కూడా చెబుతారు, వద్దన్నా సరే!

మీ ఊరు కూడా ఇట్లా ఏ నగరం అంచునో ఉంటే అక్కడ ఏమి జరిగిందో, చెరువు మిగిలిందో లేదో తెలియజేయండి. శుభం.